మమ్మల్ని దిగనివ్వని ఫస్ట్ డివిజన్

మా కాలేజీకి ఆటస్థలం లేదు. న్యాయంగా అయితే ఈ ఒక్క ముక్కతో సంగతి తేలిపోవాలి. ఖిదిర్‌పూర్ ట్రామ్ డిపో వెనక, రెండు గోదాముల మధ్య ఇరుక్కుపోయిన మూడంతస్తుల పాత మిషన్ బంగళా అది. కింద ఆఫీసు, ప్రార్థన గది. పైన క్లాసులు. ఆ పైన హాస్టలు పిల్లలు బట్టలారేసుకునే డాబా. మా హాకీ అంతా ఆ డాబా మీదే. ఆరేసిన చీరల కింద నుంచి వంగి వంగి బంతి తోసుకుంటూ నేర్చుకున్న ఆట. బంతి పిట్టగోడ దాటి గోదాములో పడిందంటే ఆ పూటకి ప్రాక్టీసు అయిపోయినట్టే. గోదాము కాపలాదారు మధ్యాహ్నం నిద్రపోయే మనిషి, లేపితే మా ఏడు తరాల్నీ తిట్టేవాడు.

అలాంటి కాలేజీ కలకత్తా ఆడపిల్లల కాలేజీల హాకీ లీగులో ఫస్ట్ డివిజన్‌లో ఉండేది. ఇప్పుడు చెప్తే మా ఇంట్లో పిల్లలు పడీ పడీ నవ్వుతారు. అప్పట్లో నాకు నవ్వొచ్చేది కాదు. ఆ జట్టుకి గోల్‌కీపర్ని నేనే.

అసలు ఆ డివిజన్‌లోకి మేం ఎలా ఎక్కామంటే, నేను చేరకముందు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ నుంచి ముగ్గురు అక్కచెల్లెళ్ళు వచ్చి చదువుకున్నారట. ముగ్గురూ చేతిలో హాకీ కర్రతోనే పుట్టినట్టుండేవారట. వాళ్ళే కాలేజీని సెకండ్ డివిజన్ నుంచి పైకి ఎక్కించారు. తరవాత ముగ్గురికీ రైల్వేలో ఉద్యోగాలొచ్చాయి, వెళ్ళిపోయారు. ఎక్కించిన వాళ్ళు వెళ్ళిపోయారు గానీ కాలేజీ మాత్రం పైనే ఉండిపోయింది. నిచ్చెన తీసేశాక అటక మీద మిగిలిపోయిన పిల్లిలాగా.

నేను గోల్‌కీపర్ని అవడం మా నాన్న చలవ. మాది వాట్‌గంజ్. తాత భీమునిపట్నం నుంచి ఓడ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నాన్న రేవులో క్రేన్ నడిపేవాడు. మా సందులో ఇంటింటికీ తెలుగే, సందు దాటితే బెంగాలీ, పెద్ద రోడ్డు మీద హిందీ. నాకు కెమిస్ట్రీ ఆనర్స్ చదవాలని పిచ్చి కోరిక. నా మార్కులకి ఏ కాలేజీలోనూ ఆనర్స్ ఇవ్వలేదు. మా కాలేజీలో మాత్రం ఆటల పిల్లలకని ఆనర్స్‌లో రెండు సీట్లు విడిగా పెట్టారని మా చర్చిలో ఎవరో చెబితే, నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ప్రిన్సిపాల్ బెంగాలీ క్రైస్తవురాలు, తెల్ల చీర కట్టుకుని నిటారుగా కూర్చునే మనిషి. అమ్మాయి ఏమాడుతుందని అడిగింది. నేను నీళ్ళు నములుతుంటే నాన్న ముందుకొచ్చి, మా అమ్మాయి గోల్‌కీపర్ అండీ అని తన వచ్చీరాని ఇంగ్లీషులో ఢంకా బజాయించి చెప్పేశాడు.

నేను గోల్‌లో నిలబడ్డది జన్మలో ఒక్కసారి. ఖరగ్‌పూర్‌లో పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, చెప్పు తెగి పరిగెత్తలేకపోతుంటే, పోనీ గోల్‌లో నిలబడమని హాకీ ఆడుతున్న పిన్ని కొడుకులు పక్కన పెట్టారు. అది నాన్న చూశాడు. ఆయన మనసులో అది అలా ముద్ర పడిపోయింది. ప్రిన్సిపాల్ నా భుజాలకేసి, నా ఎత్తుకేసి తృప్తిగా చూసి సంతకం పెట్టేసింది. ట్రామ్ ఎక్కాక నేను నాన్న మీద విరుచుకుపడ్డాను. ఆయన ఏమాత్రం చలించలేదు. సీటొచ్చిందా లేదా అన్నాడు. వచ్చింది మరి, ఏమంటాను.

ఆ సీటుకి షరతు ఒకటే. జట్టులో ఉన్నంతకాలం సీటు. జట్టు వదిలితే సీటు వదలాలి.

కెమిస్ట్రీ అంటే నాకు ఎందుకంత ఇష్టమో అప్పుడు ఎవరూ అడగలేదు గనక ఇప్పుడు చెప్పుకుంటాను. శనివారం మధ్యాహ్నం ప్రాక్టికల్. ఒక కాగితం పొట్లంలో తెల్లటి పొడి ఇచ్చి అందులో ఏముందో కనుక్కోమనేవారు. చూడ్డానికి అన్నీ వంటింటి ఉప్పులాగే ఉండేవి. ఆమ్లం వేసి, వేడి చేసి, వాసన చూసి, ఒక్కొక్కటే కాదు కాదని పక్కకి పెట్టుకుంటూ పోతే చివరికి దాని అసలు పేరు బయటపడేది. మా ఇంట్లో, మా సందులో, మా చర్చిలో మాట ఒకటి, మనసులో సంగతి ఒకటి. పరీక్షనాళికలో మాత్రం దాపరికం ఉండదు. మధ్యలో కరెంటు పోయినా సరే, కిటికీ దగ్గర నిలబడి రంగు మారుతుందా లేదా అని చూస్తుంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు.

ఇక్కడే నా కొంప మునిగింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా లీగు మ్యాచ్‌లు. అవీ శనివారం మధ్యాహ్నమే, ఊరి మధ్యనున్న మైదాన్‌లో.

మొదటి మ్యాచ్ నాకు బాగా గుర్తుంది, మరిచిపోదామన్నా కుదరదు. మెటియాబ్రుజ్ దర్జీ కుట్టిన స్కర్టు మోకాలు దాటి నాలుగు వేళ్ళు కిందికి దించి అమ్మ మళ్ళీ కుట్టింది, చర్చి పెద్దలు చూస్తే బాగోదని. దాని మీద ప్యాడ్లు కట్టుకుంటే నడుస్తుంటే కాళ్ళు ఒకదానికొకటి కొట్టుకునేవి. ఎదుటి జట్టు పెద్ద కాలేజీ, వాళ్ళకి సొంత పచ్చిక మైదానం, దాన్ని తడపడానికి మాలీలు. వాళ్ళ పిల్లలు బంతి కొడితే చప్పుడు ముందు వినిపించేది, బంతి తరవాత కనిపించేది. అప్పటికి అది నా వెనక వలలో ఉండేది. తొమ్మిది గోల్స్ పడ్డాయి. మైదాన్‌లో చీనాబాదాం, అదే వేరుశనక్కాయలు, నములుతూ ఆఫీసు ఎగ్గొట్టి వచ్చిన గుమాస్తాలు నా వెనక చేరి, దీదీ, కాస్త పక్కకి జరుగు, బంతికి దారి కనబడ్డంలేదు అని వెటకారాలాడారు. ఒళ్ళు మండిపోయింది. ప్యాడ్లతో వెనక్కి తిరగడానికే అరనిమిషం పట్టేది, ఇంక తిట్టేదెలా.

ప్రతి శనివారం ఇదే తంతు. వారం మధ్యలో తొడలు నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల్లోకి తిరిగేవి. మనం ఈ డివిజన్‌లో ఉండదగ్గ వాళ్ళమా అని నేను మా జట్టులో అందరినీ అడిగాను. మా కెప్టెన్ మూడో సంవత్సరం పిల్ల, నెమ్మదస్తురాలు, ఓడటం కూడా ఒక క్రమశిక్షణ అనేది. మా ఆటల మేడం మూడు కాలేజీల్లో పాఠం చెబుతూ ఊరంతా తిరిగేది, నన్నడక్కు, ప్రిన్సిపాల్‌ని అడుగు అంది. సరే, ఆవిడనే అడిగాను. ఆవిడ నన్ను కూర్చోమని మరీ చెప్పింది. సోమవారం పేపర్లో ఫలితాలు వేస్తారు, ఆ పెద్ద పెద్ద కాలేజీల పేర్ల పక్కన మన పేరు పడుతుంది, ఎన్ని గోల్స్‌తో ఓడామన్నది ఎవరూ గుర్తుపెట్టుకోరు, పేరు గుర్తుపెట్టుకుంటారు, ఇది చిన్న కాలేజీ అమ్మా, పెద్దవాళ్ళ పక్కన నిలబడితేనే మనం కనబడతాం అంది. ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నిలబడేది మాత్రం నేను.

చర్చిలో కూడా అంతే. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు నాన్న భుజం తట్టేవారు. మన పిల్ల ఫస్ట్ డివిజన్‌లో ఆడుతోంది అని పిల్లలకి నన్ను చూపించేవారు. ఎంత తేడాతో ఓడామో నాన్న ఎవరికీ చెప్పేవాడు కాదు, నన్ను చెప్పనిచ్చేవాడూ కాదు. నాకు ఆ ఆట వద్దు నాన్నా అని ఒకసారి అన్నం దగ్గర అనబోతే, ఆయన ముఖం చూసి మింగేశాను. రోజంతా క్రేన్ మీద ఒంటరిగా కూర్చునే మనిషికి కిందికి దిగాక చెప్పుకోడానికి ఒక మాట దొరికింది, దాన్ని నేనెలా లాక్కుంటాను.

మార్చిలో కెమిస్ట్రీ హెడ్ నన్ను లాబ్‌లోకి పిలిచాడు. మంచివాడు, గట్టివాడు. నా చేతి పనితనం బాగుందని, ప్రాక్టికల్స్ ఎగ్గొట్టడం బాగోలేదని చెప్పాడు. తరవాత చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా వినిపిస్తుంది.

"ఈ ఏడాదికి కళ్ళు మూసుకుంటాను. వచ్చే సీజన్‌లో కూడా శనివారాలు నువ్వు మైదాన్‌లోనే ఉంటే ఆనర్స్ పరీక్షకి నీ పేరు పంపను. పాస్ కోర్సుకి మారిపోవాలి."

పాస్ కోర్సంటే అన్నీ కొంచెం కొంచెం చదివి ఏదీ పూర్తిగా చదవకపోవడం. ఆనర్స్ లేకపోతే ఎమ్మెస్సీ లేదు, లాబ్ లేదు, ఆ తెల్ల పొడులు లేవు. జట్టు వదిలితే సీటు పోతుంది, జట్టులో ఉంటే ఆనర్స్ పోతుంది. ఆ రాత్రి మంచం మీద ఎటు దొర్లినా గోడే తగిలింది. ఏడుద్దామన్నా పక్కన చెల్లెళ్ళు పడుకుని ఉన్నారు.

అప్పుడు ఒక సందు కనిపించింది. సెకండ్ డివిజన్ పోటీలు లీగు కావు, క్రిస్మస్ సెలవుల్లో ఒక్క వారంలో ముగిసిపోతాయి. మేం కిందికి దిగిపోతే నేను జట్టులోనే ఉంటాను, సీటూ ఉంటుంది, శనివారాలన్నీ లాబ్‌లో గడుస్తాయి. క్రిస్మస్ పాటలు పోతే పోయాయి. ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఆఖరి స్థానంలో మిగిలిన జట్టు కిందికి దిగాలన్నది రూలు, ఎవరూ దిగకపోతే కింద నుంచి ఎవరూ ఎక్కరు. మేం ఆఖరి స్థానంలోనే ఉన్నాం. నేను చెయ్యాల్సిందేమీ లేదు, ఇన్నాళ్ళూ చేస్తున్నదే చేస్తే చాలు. ఓడుతూ ఉంటే చాలు. ఆ రోజు నుంచి ఆట మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. గోల్ పడ్డప్పుడల్లా లోపల హమ్మయ్య అనుకునేదాన్ని.

ఆఖరి మ్యాచ్ నాటికి లెక్క తేలిపోయింది. అప్పటిదాకా మేం ఒక్కటీ గెలవలేదు. మేం గెలిస్తే ఫస్ట్ డివిజన్‌లో మిగులుతాం, గెలవకపోతే దిగిపోతాం. మా ఎదుటి జట్టు ఎవరనుకున్నారు, అప్పటికే కప్పు ఖాయం చేసుకున్నవాళ్ళు, సీజన్ మొదట్లో నాకు తొమ్మిది వడ్డించినవాళ్ళే. ఇంకేం భయం. ఆ పొద్దున అమ్మ పెట్టిన చద్దన్నం మారు అడిగి మరీ తిన్నాను. ట్రామ్‌లో మైదాన్ మీదుగా వెళ్తుంటే ఈ ప్యాడ్ల మూటతో ఇదే ఆఖరి శనివారం అని పాట కూడా పాడుకున్నాను.

ఆట మొదలై చాలాసేపయినా నా దగ్గరికి బంతి రాలేదు. ముందు సంతోషించాను, తరవాత అనుమానమొచ్చింది. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ పొడుగాటి పిల్ల, అంతకుముందు నా తొడల మీద రంగులన్నీ ఆవిడ పుణ్యమే. ఆవిడ బంతి తీసుకుని నా ముందు దాకా వచ్చేది, కొట్టబోయి ఆగేది, పక్కకి తోసేసేది. ఒకసారి మా ఇద్దరి మధ్యా ఎవరూ లేరు, గోల్ బార్లా తెరుచుకుని ఉంది, నేను కూడా మర్యాదగా ఒక పక్కకి జరిగి నిలబడ్డాను. ఆవిడ బంతిని తాపీగా బయటికి కొట్టింది. గుమాస్తాలు ఈల వేసి, గటప్, గటప్ అని అరిచారు. గటప్ అంటే మైదాన్ భాషలో ముందే మాట్లాడుకున్న మ్యాచ్.

విశ్రాంతి సమయంలో నిమ్మబద్దలు పంచుతుంటే ఆ పొడుగాటి పిల్ల దగ్గరికే వెళ్ళి మొహం మీద అడిగేశాను, ఎందుకు కొట్టడంలేదని. ఆవిడ లేసు కట్టుకుంటూ చాలా స్నేహంగా చెప్పింది.

"మీరు దిగిపోతే పైకొచ్చేది రైల్వే పిల్లలున్న కాలేజీ జట్టు. వాళ్ళు మా మోకాళ్ళు విరగ్గొడతారు. మీరుంటే మాకొక శనివారం హాయిగా గడుస్తుంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు మిమ్మల్ని నిలబెడుతూనే ఉన్నాం, నీకు తెలీదా?"

తెలీదు. మా కెప్టెన్‌కి తెలుసు. మా ఆటల మేడంకి తెలుసు. నేను చూసేసరికి ఇద్దరూ నిమ్మబద్దల కేసి చూస్తున్నారు. ప్రిన్సిపాల్‌కి తెలుసో లేదో ఇప్పటికీ చెప్పలేను. మనం ఈ డివిజన్‌కి తగినవాళ్ళమా అని ఊరంతా అడుగుతూ తిరిగాను కదా, నా ప్రశ్నకి జవాబు అదీ. తగనివాళ్ళం గనకే మమ్మల్ని ఉంచుకున్నారు. తల కొట్టేసినట్టయింది. అంతకన్నా ఎక్కువగా, నా శనివారాలు నా చేతుల్లోంచి జారిపోతున్నాయని భయమేసింది.

రెండో సగంలో మా కెప్టెన్ ఏదో నెమ్మదిగా కొట్టిన బంతికి వాళ్ళ గోల్‌కీపర్ చక్కగా దారి ఇచ్చింది. ఒకటి సున్నా. మా పిల్లలు ఒకరినొకరు వాటేసుకున్నారు. నేను ఒక్కదాన్నే అవతలి చివర కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంక ఒక్క గోల్ పడితే చాలు, ఆట సమం అవుతుంది, మేం దిగిపోతాం. వేసేవాళ్ళు లేరు. సరే, వాళ్ళు వెయ్యకపోతే నేనే వేస్తాను అనుకున్నాను.

కాసేపటికి మా బ్యాక్ ఆడే పిల్ల బంతిని నా వైపు తోసింది. నేను దాన్ని ఆపాను. చుట్టూ చూశాను. వెనక్కి తిరిగాను, తీరిగ్గా, ప్యాడ్లతో ఎంత సేపు పడితే అంత సేపు. కాలితో ఈడ్చి ఒక్క తన్ను తన్నాను. బంతి మా వలలో పడి ఊరుకుంది. నా జీవితంలో అంత శుభ్రంగా తన్నింది లేదు.

అంపైర్ పెద్దాయన ఈల వేశాడు. మధ్యగీత కేసి చూపిస్తాడనుకుంటే చెయ్యి గోల్ వైపు చాపాడు. పెనాల్టీ కార్నర్ అన్నాడు, అంటే గోల్ కొట్టడానికి వాళ్ళకి ఇంకో అవకాశం. నాకర్థం కాలేదు. గోల్ కదా అని ఆయన్ని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, ఎదుటి జట్టు కర్ర తగలని బంతి నువ్వు వేసుకుంటే గోల్ కాదమ్మా, తప్పు మాత్రమే అవుతుంది అన్నాడు. ఒక సీజన్ పొడుగునా గోల్ ముందు నిలబడ్డాను. నాకా రూలు తెలీదు. నాకెవరు నేర్పారు గనక. మా డాబా మీద గోల్ పోస్టులు కూడా ఉండేవి కావు, రెండు బట్టల బక్కెట్లు ఉండేవి.

పెనాల్టీ కార్నర్ ఆ పొడుగాటి పిల్ల తీసుకుంది. నేను కళ్ళతోనే బతిమాలాను, కొట్టు తల్లీ అని. ఆవిడ బంతిని చెట్లలోకి కొట్టింది. మా కెప్టెన్ పరిగెత్తుకొచ్చి నా వీపు నిమిరి, కంగారు పడకు, కాలు జారింది అంతే అంది. జారలేదు, కావాలనే వేశాను అన్నాను. పాపం అలిసిపోయింది అని మేడంతో చెప్పింది. మేడం నీళ్ళిచ్చింది. ఈల పడింది. మేం గెలిచాం. నన్ను మధ్యలో పెట్టుకుని అందరూ గెంతుతుంటే నేను కదలకుండా కొయ్యలా నిలబడ్డాను.

మర్నాడు ఆదివారం. మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో లేచి చెప్పాలి. బిడ్డ పుట్టినా, జ్వరం తగ్గినా, రేవులో పని పర్మనెంటు అయినా లేచి చెప్పాల్సిందే. మేలు పొంది నోరు మూసుకుని కూర్చుంటే కృతఘ్నత అంటారు. ఆడవాళ్ళ వైపు చాప మీద చున్నీ కప్పుకుని తలొంచుకు కూర్చున్నాను, ఎవరికీ కనపడకూడదని. ఈ ఒళ్ళు పెట్టుకుని కనపడకుండా ఎలా ఉంటాను. మగవాళ్ళ వైపు నుంచి నాన్న లేచి, మా అమ్మాయి సాక్ష్యం సెప్తాది అయ్యగారూ అన్నాడు.

లేచాను. మా పాస్టరు అయ్యగారు చిరునవ్వుతో చూస్తున్నారు. నాన్న అప్పుడే కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. దేవుడి మందిరంలో నిలబడి అబద్ధం ఆడమంటారా. అక్కడైనా నిజం చెబితే ఎవరో ఒకరు నన్ను విడిపిస్తారనిపించింది. చెప్పేశాను.

"మేం గెలవలేదండీ. వాళ్ళే వదిలేశారు. మేం కిందికి దిగిపోతే నా చదువు నిలబడుతుందని, నేనే కావాలని మా గోల్‌లోకి బంతి వేశాను. అది లెక్కలోకి రాలేదు. నాకు ఈ ఆట వద్దు."

ఆఖరి మాట బయటికొచ్చిందో లేదో నాకు తెలీదు. బయట రిక్షా గంట వినిపించింది. ఇప్పుడు తిడతారు అనుకున్నాను. తిట్టినా సరే, ఆ తిట్లతోనైనా ఇది తెమిలిపోతే చాలు అనుకున్నాను. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ, నాకు నాయనమ్మ వరస, రెండు చేతులూ పైకెత్తి, స్తోత్రం తండ్రీ అంది. ఆ వెనక ఇంకొకరు. తరవాత అందరూ. అయ్యగారు కళ్ళు మూసుకుని, చూశారా సంఘమా, ఈ బిడ్డ బలహీనతలో తన కాలితో తానే ఓటమిని తెచ్చుకోబోయినా ప్రభువు ఆ బంతిని లెక్కలోకి రానివ్వలేదు, మనం పడిపోవాలనుకున్నా ఆయన పడనివ్వడు అన్నారు. హల్లెలూయా అన్న కేకకి పైన పావురాలు లేచాయి. ఆ వాక్యమే ఆ రోజు ప్రసంగం అయింది. నా గురించి నేను చెప్పుకున్న నిజం గంటసేపు నా చుట్టూ తిరిగింది, అందులో నేను లేను. నాన్న వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆయన అంత సంతోషంగా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆరాధన అయ్యాక అందరూ నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. వచ్చే ఏడాది కెప్టెన్ నువ్వేనటగా అని ఎవరో అన్నారు. నాన్న పెద్దలతో మాట్లాడుతూ వెనక ఉండిపోయాడు. అమ్మా నేనూ ముందుగా ఇంటికి బయల్దేరాం. మా అమ్మ మాటకారి కాదు, చేపల బజారులో తప్ప గొంతెత్తదు. కాల్వ వంతెన దాకా వచ్చాం. అక్కడ ఆగి, నా ముఖం కేసి చూడకుండా అడిగింది.

"నీకా ఆట నిజంగా వొద్దేటే?"

ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి మా అమ్మ. వద్దమ్మా అన్నాను. కెమిస్ట్రీ హెడ్ చెప్పిందంతా చెప్పాను, శనివారాల సంగతి చెప్పాను, ఆ తెల్ల పొడుల సంగతి కూడా చెప్పాను. ఆనర్స్ అంటే అమ్మకి తెలీదు, కానీ నా గొంతు తెలుసు. అంతా విని కొంగుతో నా చెంపలు తుడిచింది. ఇంటికి వెళ్ళగానే నాన్నతో మాట్లాడతానంటుందని ఎదురుచూశాను.

"ముందే నాతో సెప్పుంటే ఏదోటి సేసేదాన్ని గదే తల్లీ," అంది. "ఇప్పుడు గుడి గుడంతా స్తోత్రం సెప్పేసింది. దేవుడికి సెప్పేసిన స్తోత్రం ఎనక్కి తీసుకోడానికి అవద్దేటి?"

అమ్మ నిజంగానే అడిగింది, నా దగ్గర జవాబుందేమోనని. వెనక నుంచి నాన్న గొంతు దగ్గరవుతోంది, ఎవరికో నా ఎత్తు గురించి చెబుతున్నాడు. అమ్మ నా చున్నీ సర్ది, ముఖం తుడుచుకో, నాన్నొస్తన్నాడు అంది. తుడుచుకున్నాను. జూన్‌లో కెమిస్ట్రీ హెడ్ దగ్గరికి నేనే వెళ్ళి, నన్ను పాస్ కోర్సులో వెయ్యమని చెప్పాను.